మావయ్యకి రాని బల్లి

శనివారం సాయంత్రం బల్లి ఇంటికి తిరిగొచ్చింది.

వెళ్ళిన పెట్టెలోనే వచ్చింది. ఆ పెట్టె మావయ్య స్వయంగా చేసింది. మూత తీస్తే 'ఉస్సు'మని గాలి పీల్చుకునేంత బిగువుగా ఉంటుంది. పెట్టెని బల్ల మీద పెట్టి, చెప్పులు విడిచి, పిచ్చుక తిన్నగా వెళ్ళి కిటికీ పక్కన గోడకేసి తిరిగి కూర్చుంది. ఆ పదకొండేళ్ళ పిల్లని ఇంట్లో పిచ్చుక అనే పిలుస్తారు, లేచింది మొదలు పడుకునేదాకా ఒకటే కిచకిచలు కనక. ఆ పూట కిచకిచలు లేవు.

మావయ్య మూత తీసి చూశాడు. ఆకుపచ్చ కాగితం బల్లి క్షేమంగానే ఉంది. నాలుగు కాళ్ళూ ఉన్నాయి, తల కాస్త పైకెత్తి ఉంది. తోక మాత్రం ఎప్పటిలాగే ఓ పక్కకి వంగి ఉంది. అది రెండు వారాల కిందట పిచ్చుక వాళ్ళమ్మ నిజం బల్లి అనుకుని చీపురుతో ఒక్కటిచ్చిన గుర్తు. బల్లి కడుపు కింద ఒక చీటీ కనిపించింది.

"చాలా చక్కగా ఉంది. కానీ పెద్దవాళ్ళ చెయ్యి పడినవి అద్దాల బీరువాలో పెట్టం. పాప సొంతంగా మడిచింది ఉంటే వచ్చే శనివారం తీసుకురండి."

అద్దాల బీరువా ఉండేది లైబ్రరీలో, గుమ్మం ఎదురుగా. శనివారాలు అక్కడ ఒక టీచరు పిల్లలకి కాగితాలు మడవడం నేర్పుతుంది. ముందు అంచెలంచెలుగా బొమ్మలు చూపించే పుస్తకంలోంచి పడవలూ పిట్టలూ. ఆ తర్వాత మడతల పటం. అంటే ఒక్కటే చదరం, దాని నిండా ఎర్రగీతలూ నీలిగీతలూ, అంతే. ఏది ముందో ఏది వెనకో చెప్పదు. మడిచిన బొమ్మని తిరిగి పూర్తిగా విప్పేస్తే కాగితం మీద ఏ గీతలు మిగులుతాయో అవే ఆ పటం. దాన్ని చూసి బొమ్మని మళ్ళీ పుట్టించినవాళ్ళది నెలరోజులు బీరువాలో ఉంటుంది, పక్కన పేరు రాసిన చీటీతో. దాని కోసం పిచ్చుక ఆరువారాలు కూర్చుంది. పదహారు బల్లులు పాడయ్యాయి. పదిహేడోది ఇది.

"నా చెయ్యా?" అన్నాడు మావయ్య. "నా చెయ్యి ఎక్కడ పడింది దీని మీద? వేలితో ముట్టుకున్నానా నేను?"

నిజంగానే కోపం వచ్చింది ఆయనకి. అబద్ధపు నింద పడితే ఎవరికి రాదు? "పద, ఇప్పుడే వెళ్ళి అడుగుతాను. నేను మడిచానని ఆవిడకి ఎవరు చెప్పారట?"

"నువ్వే చెప్పావుగా మావయ్యా," అంది పిచ్చుక గోడవైపే చూస్తూ.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా కాస్త నయంగా ఉండేది.

మావయ్యకి గుర్తొచ్చింది. మూడువారాల కిందట లైబ్రరీ మెట్ల మీద టీచరు ఎదురైంది. నమస్కారం పెట్టి ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే ఆయన మావయ్య ఎలా అవుతాడు? "మడతలంటే మా ఇంట్లో పుట్టినవేనండీ. పిల్లకి దగ్గరుండి నేనే నేర్పిస్తున్నాను. ఇరవై రెండేళ్ళ చెయ్యి మరి!" అని రెండు చేతులూ చాపి చూపించాడు కూడా. అక్కడ మరో ఇద్దరు పిల్లల తల్లులు ఉన్నారు, వాళ్ళూ విన్నారు. పిచ్చుక ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడి ఉంది.

ఆయన నేర్పింది సున్నా. ఆ పటాన్ని ఓసారి తిరగేసి, "ఏమిటే ఇది, రోడ్డు మ్యాపా?" అని పక్కన పడేసిన మనిషి. కాగితాలు మాత్రం తను పనిచేసే అట్టపెట్టెల వర్క్‌షాపులో మెషీను మీద చదరంగా కోసి తెచ్చాడు, పాతిక. ఒకవైపు ఆకుపచ్చ, ఒకవైపు తెలుపు.

వంటింట్లోంచి అక్క వచ్చింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని, చీటీ చదివి, కూతురి వీపు చూసి, తమ్ముడి మొహం చూసింది.

"నీ గొప్పలు తగలెయ్య," అని మాత్రం అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున మావయ్య లేచేసరికి వంటింటి అలమర అరల్లో కొత్త కాగితాలు పరిచి ఉన్నాయి. గిన్నెల కింద ఆకుపచ్చ చదరాలు, అంచుకి అంచు సరిగ్గా కలిసి. మిగిలిన కాగితాలు పిచ్చుక అమ్మకి ఇచ్చేసిందట.

*

సోమవారం పని అయ్యాక మావయ్య లైబ్రరీకి వెళ్ళాడు. టీచరు పాత పుస్తకాలకి చిరిగిన అట్టలు అతికిస్తూ ఉంది. కుర్చీ చూపించింది. మంచిమనిషే. ఆ సంగతి మావయ్యకి ఇంకా ఇబ్బందిగా అనిపించింది, పోట్లాడ్డానికి వచ్చినవాడికి ఎదుట మంచిమనిషి ఉండకూడదు.

"ఆ బల్లి మా పిల్లే మడిచిందండీ. నాకసలు మడవడం రాదు."

టీచరు నవ్వింది. "మీకు మడవడం రాదా? మీ వర్క్‌షాపులో మిమ్మల్ని స్కేలుబద్ద అంటారటగా. పెట్టె అంచు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోరట."

"పెట్టెలు వేరండీ, ఇది వేరు."

"మొన్న మీరే చెప్పారు, దగ్గరుండి నేర్పిస్తున్నానని."

"అది... గొప్పకి అన్నానండీ."

"అప్పుడు గొప్పకి అన్నారు. ఇప్పుడు పిల్ల మీద ప్రేమకొద్దీ అంటున్నారు. ఏది నమ్మమంటారు?" ఆవిడ జిగురు కుంచెని కిందపెట్టింది. "నాకు ఒక్కదానికే అనుమానమైతే సరిపెట్టుకునేదాన్ని. ఇద్దరు తల్లులు వచ్చి అడిగారు. వాళ్ళ పిల్లలవి గుర్రాల్లా లేని గుర్రాలు, వంకరపోయిన చేపలు. పక్కన మీ పాపది చూస్తే... ఆ అంచులు చూశారా? పదకొండేళ్ళ పిల్ల చేతిలో అంత నిఖార్సుగా వస్తాయా?"

"అంచులు మెషీను కోతండీ. మడతలు దానివి."

"పాపని శనివారం ఇక్కడ కూర్చుని మడవమనండి. అందరూ చూస్తారు. నేనే నా చేత్తో బీరువాలో పెడతాను."

అన్యాయంగా ఏమీ అడగలేదు ఆవిడ. కానీ ఇంటికి నడుస్తూ మావయ్యకి కాళ్ళు ముందుకి పడలేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, పిచ్చుక పిల్లి కూడా కాదు. ఇంట్లో తల్లికి లెక్కలు చెబుతుంది, మావయ్యకి బుద్ధులు చెబుతుంది, లారీ మీద ఊళ్ళు తిరిగే తండ్రికి ఫోనులో దారులు చెబుతుంది. గుమ్మం దాటితే నోట మాట ఉండదు. కొట్లో రబ్బరు కావాలంటే మావయ్య చొక్కా లాగి ఆయన చెవిలో చెబుతుంది, ఆయన కొట్టువాడికి చెప్పాలి. నలుగురు చూస్తుంటే ఆ పిల్ల వేళ్ళు బిగుసుకుపోతాయి. నలుగురు కాదు, శనివారం అక్కడ నలభైమంది ఉంటారు.

సంగతి చెప్పగానే పిచ్చుక తలడ్డంగా ఊపింది. "నేను రాను. బీరువా వద్దు, ఏం వద్దు."

"అది కాదే..."

"నువ్వే మడిచావని చెప్పెయ్యి మావయ్యా. ఎలాగూ చెప్పావుగా."

ఆ మాటకి మావయ్య అన్నం సహించక కంచం ముందునుంచి లేచాడు.

*

మంగళవారం సాయంత్రం ఆయన అలమరలో గిన్నెలెత్తి, ఒక ఆకుపచ్చ కాగితం లాగి, మడతల పటం వెతికి తెచ్చి, పిచ్చుక ముందు చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నాకు నేర్పు," అన్నాడు.

"ఎందుకు?"

"నేర్పిస్తున్నానని చెప్పానుగా. కనీసం నేర్చుకుంటే సగం పాపం పోతుంది."

పిచ్చుకకి నవ్వొచ్చింది, ఆపుకుంది. మావయ్య దగ్గర ఇంకో ఆలోచన కూడా ఉంది. ఇరవై రెండేళ్ళుగా కొత్త పెట్టె ఏదైనా ముందు తన చేతిలోనే పుట్టింది. మందుల పెట్టె, చెప్పుల పెట్టె, గాజు సీసా పగలకుండా పట్టుకునే పెట్టె. అలాంటివాడికి బల్లి ఎంత? అరగంటలో మడిచి చూపిస్తే పిల్లకి ఉషారొస్తుంది అనుకున్నాడు.

"తెల్లవైపు పైకి పెట్టు," అంది పిచ్చుక. "ఎర్రగీత కొండ. మడత నీవైపుకి లేవాలి. నీలిగీత లోయ. లోపలికి దిగాలి."

"ఓస్ ఇంతేనా?"

మావయ్య జేబులోంచి రుద్దుడు చెక్క తీశాడు. వేలంత పొడుగు, నున్నటి చెక్కముక్క. దాంతో అట్ట మడతని ఒక్కసారి రుద్దితే ఇక అది జన్మలో తెరుచుకోదు. పటంలో మొదటి ఎర్రగీత చూసుకుని, కాగితాన్ని అక్కడ వంచి, చెక్కతో 'చర్రు'న లాగాడు.

"మావయ్యా! కాగితాన్ని కొట్టకు!"

"కొట్టడమేమిటే, రుద్దాను. మడత అన్నాక తిరుగుండకూడదు."

"ఉండాలి! ప్రతి మడతా అటూ వంగాలి, ఇటూ వంగాలి. మెల్లిగా మడిచి విప్పెయ్యాలి. మళ్ళీ ఇంకోటి, అదీ విప్పెయ్యాలి. అన్నీ అయ్యేదాకా కాగితం చదునుగానే ఉండాలి."

"మడిచి విప్పడానికైతే మడవడం ఎందుకు?"

"గుర్తుండటానికి," అంది పిచ్చుక. "కాగితానికి."

సరే అని ఆయన గీతలన్నీ మడిచి విప్పాడు. గంట పట్టింది. అప్పుడు అడిగాడు, "ఇప్పుడు ముందు ఏది?"

"ముందూ లేదు, వెనకా లేదు. అన్నీ ఒకేసారి."

మావయ్య ఆ పిల్ల మొహం చూశాడు, ఆటపట్టిస్తోందేమోనని. లేదు. పెట్టెకి వరస ఉంటుంది. ముందు పక్కలు, తర్వాత అడుగు, ఆ తర్వాత రెక్కలు, ఆఖర్న మూత. వరస తప్పితే పెట్టె కాదు, అట్టముక్క. ఆ వరస ఆయన ఒంట్లో ఇంకిపోయింది. అందుకని పిచ్చుక చూపు తప్పించి పై అంచు ముందు మడిచేశాడు. తర్వాత పక్క అంచు. మూడోది మడవబోతే మొదటిది అడ్డొచ్చింది. నాలుగోది బలవంతాన నెట్టేసరికి మధ్యలో కాగితం పర్రున చిరిగింది.

"ఈ కాగితం మంచిది కాదు," అన్నాడు.

"నువ్వే తెచ్చావు," అంది పిచ్చుక, వేరే కాగితం కోసం అలమర దగ్గరికి వెళుతూ.

గిన్నె చప్పుడుకి అక్క తొంగిచూసింది. మూడు రోజుల తర్వాత మళ్ళీ ఇంట్లో కిచకిచలు వినిపిస్తున్నాయి. ఆవిడ ఇంకో రెండు గిన్నెలు తనే ఎత్తి పట్టుకుంది.

*

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ వర్క్‌షాపులో మావయ్య తన మాదిరిపెట్టెల బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. మెషీన్లు ఆగిపోయి నిశ్శబ్దంగా ఉంది. క్యారియరు మూత తీయకుండానే ముందు కాగితం తీశాడు. రుద్దుడు చెక్కని కావాలనే సొరుగులో పెట్టి తాళం వేశాడు, చెయ్యి ఊరుకోదని.

మెల్లిగా మడిచాడు, విప్పాడు. ఇరవై రెండేళ్ళు గట్టిగా నొక్కడం నేర్చిన బొటనవేలికి మెల్లిగా నొక్కడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. గీతలన్నీ పడ్డాయి. ఒకేసారి మూయబోయాడు. నాలుగు పక్కల్నించీ నెట్టాడు. మధ్యలో ఏదో ఉబ్బింది, ఓ మూల లేచింది, రెండో మూల కూలింది.

జిగురాయన చేతులు కడుక్కుని వచ్చి వెనక నిలబడ్డాడు. పెట్టెలకి జిగురు రాసే పెద్దాయన, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు పొరలుంటాయి.

"ఏమిటోయ్ స్కేలుబద్దా ఇది?"

"బల్లి."

"చెప్పు కింద పడ్డాకా, పడకముందా?"

"కాగితం మరీ పల్చగా ఉంది లెండి."

"ఆడలేక మద్దెల ఓడు," అన్నాడు జిగురాయన. తర్వాత కథంతా విని, చీటీ సంగతీ శనివారం సంగతీ విని, తన డబ్బాలోంచి ఓ ముద్ద మావయ్య క్యారియరు మూతలో పెట్టాడు. "తిను ముందు. బల్లి ఎక్కడికీ పారిపోదు, దానికింకా కాళ్ళు రాలేదుగా."

గురువారం కూడా రాలేదు. సాయంత్రం ఇంటికొస్తే పిచ్చుక గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇవాళ ఎక్కడ ఆగింది?" అని అడిగింది. ఆయన నలిగిన కాగితం చూపించాడు. ఆ పిల్ల దాన్ని వెలుగులో పట్టుకుని, పెద్ద డాక్టరులా తిప్పి తిప్పి చూసి, "తప్పులు తగ్గాయి. ఒక కొండని లోయ చేశావు, అంతే. నేను ఎనిమిదో బల్లి దగ్గర ఇదే చేశాను," అంది. మావయ్యకి ఎవరో మెడలో దండ వేసినట్టయింది. ఆయనకి ఎవరైనా ఏదైనా నేర్పి ఎన్నేళ్ళయిందో!

"శనివారం వస్తావా మరి? మడవక్కర్లేదు. ఊరికే నా పక్కన కూర్చో," అన్నాడు, వెలుగు ఇంకా ఆ పిల్ల మొహం మీద ఉండగానే.

పిచ్చుక ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది. "ఊరికే కూర్చుంటే వస్తా," అంది.

రాత్రి భోజనాల ముందు అక్క ఉతికిన దుప్పటి పట్టుకొచ్చి, "ఆ కొస పట్టుకోరా," అంది. ఆవిడ పనిచేసేది ఆస్పత్రి లాండ్రీలో. రోజుకి రెండువందల దుప్పట్లు మడుస్తుంది. మావయ్య రెండు కొసలూ పట్టుకుని, ఎప్పట్లాగే ముందు తన కొసలు కలిపేసి, లాగాడు. దుప్పటి మెలిపడింది.

"నువ్వొక్కడివే ముందు పరిగెత్తితే ఎలారా? నేను కదిలినప్పుడు కదులు. చేతిలో బిగువు ఉంచుకో, లాగకు. ఊఁ, ఇప్పుడు." ఇద్దరూ ఒకేసారి చేతులు కలిపారు, ఒకేసారి ఎదురు నడిచారు. దుప్పటి దానంతటదే మధ్యలోకి జారి ముడుచుకుంది.

మావయ్య ఆ దుప్పటినే చూస్తూ నిలబడిపోయాడు. "ఏమైందిరా?" అంది అక్క. "ఏం లేదు. ఇంకోసారి మడుద్దాం," అన్నాడాయన. ఆవిడకి వినోదంగా ఉన్నట్టుంది, మడిచిన దుప్పటిని విదిల్చి మళ్ళీ ఇచ్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నం అది జరిగింది.

మడతలన్నీ పడ్డ కాగితాన్ని మావయ్య రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఏ గీతనీ ముందు మూయలేదు. అన్ని కొండల్నీ కొంచెం కొంచెం లేపాడు, అన్ని లోయల్నీ కొంచెం కొంచెం దించాడు. కాగితం మొత్తం సగం లేచి, సగం దిగి, చేతుల్లో అటూ ఇటూ కాకుండా ఆగింది. ఇదివరకు ఇక్కడే తొందరపడేవాడు. ఈసారి పడలేదు. బిగువు వదలకుండా, లాగకుండా, పది వేళ్ళతోటీ మెల్లిగా లోపలికి అన్నాడు. మధ్యలో ఏదో 'టక్కు'మని దిగింది. వెంటనే పక్కది దిగింది. నాలుగు మూలలూ నాలుగు కాళ్ళై బయటికొచ్చాయి. పై అంచులోంచి తల, కింది అంచులోంచి తోక. ఆయన నెట్టనే లేదు. కాగితానికి అన్నీ గుర్తున్నాయి.

ఇంకా బల్లి కాలేదు, బల్లికి ముందుండే ముద్ద. దాని కాళ్ళు సన్నగా చేసి మోకాళ్ళు వంచాడు, తోక నొక్కాడు, తల ఎత్తాడు. బల్ల మీద పెట్టాడు. అది నిలబడి ఆయన్ని చూసింది.

అరుద్దామని లేచాడు. వర్క్‌షాపులో ఎవరూ లేరు. జిగురాయన టీకి వెళ్ళాడు. నలభై ఆరేళ్ళ మనిషి, మీసాలున్న మనిషి, మెషీన్ల మధ్య ఒక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి పెట్టె చేసినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు. తర్వాత పల్చటి అట్టముక్క కోసి, బల్లికి సరిపడా చిన్న పెట్టె చేసి, అందులో పెట్టి సంచీలో క్యారియరు పక్కన దాచాడు. పిచ్చుక మొహం ఎలా వెలుగుతుందో దారి పొడుగునా తలుచుకుంటూ నడిచాడు.

పిచ్చుక మెట్ల మీదే ఉంది. "వచ్చిందా?"

మావయ్య చెయ్యి సంచీలోకి వెళ్ళింది.

"రాకపోయినా ఫర్వాలేదులే మావయ్యా," అంది పిచ్చుక పెద్దరికంగా. "నీకు నేనున్నానుగా."

సంచీలో చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది. ఆ పిల్ల వారంగా ఎంత పెద్దదయిందో ఆయనకి ఆ క్షణంలో కనిపించింది. రేపటి గండం గడిచాక చూపిద్దాంలే అనుకున్నాడు. "దగ్గరికొచ్చింది," అన్నాడు.

*

శనివారం లైబ్రరీ హాల్లో కుర్చీలు చాలక కొందరు అల్మరాలకి ఆనుకుని నిలబడ్డారు. మధ్యలో పెద్ద బల్ల. దాని మీద ఆకుపచ్చ కాగితాలు, మడతల పటం. అద్దాల బీరువా తెరిచి ఉంది. అందులో గుర్రాలు, చేపలు. పై అరలో ఒక చోటు ఖాళీగా ఉంది.

పిచ్చుక మావయ్య చొక్కా అంచు పట్టుకుని వచ్చింది, ఆయన పక్కన కుర్చీలో కూర్చుంది. టీచరు వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "తొందరేం లేదు తల్లీ. ఎంతసేపైనా సరే, మడుస్తావా?" అంది.

పిచ్చుక చేతులు బల్ల కిందికి వెళ్ళిపోయాయి.

ఒక నిమిషం గడిచింది. ఇంకోటి. ఎవరో దగ్గారు. వెనక వరసలో ఓ తల్లి పక్కావిడతో, "నేను చెప్పలేదూ?" అంది, మెల్లిగా అన్నాననుకుని. పిచ్చుక మెడ ఎర్రబడింది. బల్ల కింద ఆ చిన్న వేళ్ళు ఒకదాన్నొకటి పిసుక్కోవడం మావయ్య ఒక్కడికే కనిపిస్తోంది. ఆ వేళ్ళు మడవగలవని కూడా ఆ హాల్లో ఆయన ఒక్కడికే తెలుసు.

"పోనీ, వచ్చే నెల చూద్దాం," అంటూ టీచరు లేవబోయింది.

"టీచరుగారూ," అన్నాడు మావయ్య. "ఆ బల్లిని నేనే మడిచానని కదా మీ అనుమానం? అయితే నన్నే మడవనివ్వండి. అందరూ చూస్తారు."

కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. హాలంతా ముందుకి వంగింది. స్కేలుబద్ద చెయ్యి ఆడటం చూద్దామని అల్మరాల దగ్గరున్నవాళ్ళూ వచ్చారు.

కాగితం చేతిలోకి తీసుకోగానే ఆయన వేళ్ళకి నిన్నటిదంతా గుర్తొచ్చింది. కొండలూ లోయలూ, ఆ 'టక్కు'మన్న చోటు, అన్నీ. ఇప్పుడు మడిస్తే వస్తుంది. ఇంతమంది ముందు, చక్కగా, నిఖార్సుగా వస్తుంది. చప్పట్లు కూడా కొడతారు. పిచ్చుక బల్లి మాత్రం శాశ్వతంగా మావయ్య బల్లి అయిపోతుంది.

ఆయన ఆకుపచ్చవైపు పైకి పెట్టాడు. జేబులోంచి రుద్దుడు చెక్క తీశాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క వంకర మడత పెట్టని చెయ్యి అది, మాట వినలేదు. బొటనవేలు దానంతటదే గీత పడాల్సిన చోటికి జరిగింది. దాన్ని పక్కకి లాగి, అక్కడికి బెత్తెడు దూరంలో వంచి, చెక్కతో 'చర్రు'న లాగాడు.

పక్కన కుర్చీ కదిలింది.

పై అంచు మడిచాడు. తర్వాత పక్క అంచు. పెట్టె వరస. చెమట పట్టింది, అది మాత్రం నటన కాదు. వెనకనుంచి ఎవరో "అదేమిటీ?" అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు చెవుల్లో పడుతూనే ఉంది, ఆయన ఇంకో మడతని చెక్కతో లాగాడు.

"మావయ్యా," అంది పిచ్చుక, పెదవుల్లోనే.

ఆయన వినిపించుకోలేదు. పటంలో నీలిగీత ఉన్నచోట కాగితాన్ని కొండలా లేపాడు.

"కొట్టకు అన్నానా లేదా!"

హాల్లో ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. అంత గొంతు ఆ పిల్లకి ఉందని అక్కడెవరికీ తెలియదు. "అది లోయ! నీలిగీత లోయ! ఎన్నిసార్లు చెప్పాలి? పైగా తిరగేసి పెట్టావు. తెల్లవైపు పైకి, తెల్లవైపు! ఇంక ఇది పనికిరాదు. ఇటివ్వు!"

కాగితం లాక్కుని పక్కన పడేసి, కొత్తది తీసింది. రుద్దుడు చెక్క కూడా లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది. "ఇలా చూడు. చేతులు వెనక్కి పెట్టుకో. మెల్లిగా మడు, విప్పు. మడు, విప్పు. చూస్తున్నావా?"

"చూస్తున్నా," అన్నాడు మావయ్య, చేతులు వెనక్కి కట్టుకుని.

అరగంట పట్టింది. అరగంటా పిచ్చుక ఆయన్ని చీవాట్లు పెడుతూనే ఉంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ప్రతి గీతకీ కారణం చెబుతూనే ఉంది. జనం ఉన్నారన్న సంగతే మర్చిపోయింది. జనం కూడా ఊపిరి తీయడం మర్చిపోయారు. చివర కాగితం మొత్తం సగం లేచి ఆగినప్పుడు, "ఇదిగో, ఇక్కడే నువ్వు తొందరపడతావు," అని చెప్పి పది వేళ్ళూ లోపలికి అంది. నాలుగు కాళ్ళూ ఒకేసారి బయటికొచ్చాయి.

ముందు టీచరే చప్పట్లు కొట్టింది. పిచ్చుక తలెత్తి చూసి, నలభైమందినీ అప్పుడే మొదటిసారి చూసినట్టు అదిరిపడి, మావయ్య చంక కింద మొహం దాచుకుంది. 'నేను చెప్పలేదూ' అన్నావిడ కూడా చప్పట్లు కొడుతోంది.

టీచరు బల్లిని తన చేత్తోనే పై అరలో పెట్టింది. పక్కన పేరు రాసిన చీటీ నిలబెట్టింది. తర్వాత మావయ్య దగ్గరికొచ్చి, కాస్త సిగ్గుపడుతూ, "నన్ను క్షమించాలి. నిజంగానే పొరపాటు పడ్డాను. మీకు బొత్తిగా రాదన్నమాట," అంది.

మావయ్య బల్ల మీద పడి ఉన్న తన వంకర కాగితం కేసి చూశాడు. సోమవారానికల్లా ఈ సంగతి వర్క్‌షాపు చేరుతుంది. స్కేలుబద్దకి కాగితం మడవడం రాదట అని జిగురు డబ్బాల దగ్గర నవ్వుకుంటారు.

"రాదండీ," అన్నాడు.

*

దారిలో పిచ్చుక ఆయన చొక్కా అంచు పట్టుకుని నడిచింది. మలుపు తిరిగాక అడిగింది. "రుద్దుడు చెక్క బుధవారమే మానేశావుగా మావయ్యా. మళ్ళీ ఎందుకు తీశావు?"

పిల్ల కాదు, ప్లీడరు.

"ఏమోనే. అందరూ నన్నే చూస్తుంటే భయం వేసింది. చేతులు బిగుసుకుపోయాయి. వచ్చిందంతా మర్చిపోయాను."

పిచ్చుక నడక ఆపి ఆయన మొహంలోకి చూసింది. చొక్కా అంచు వదిలేసి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాకూ అంతే మావయ్యా," అంది. "నీకు కూడా అవుతుందా?"

ఆయన ఆ చెయ్యిని ఇంటిదాకా వదల్లేదు.

ఇంట్లో అడుగుపెడుతూనే కిచకిచలు మొదలయ్యాయి. బీరువా, పై అర, చప్పట్లు, మావయ్య పరువు ఎలా పోయిందో ఆ కథ, అన్నీ. అక్క వింటూ, నవ్వుతూ, నిన్నటి క్యారియరు కడగలేదని గుర్తొచ్చి మావయ్య సంచీలో చెయ్యి పెట్టింది. చిన్న పెట్టె తగిలింది. మూత తీసి, "అమ్మో" అని చీపురు కోసం చెయ్యి చాపి, ఆగిపోయింది.

పిచ్చుక మొదటి బల్లి, వంకరతోకది, కిటికీలో ఉంది. రెండోది బీరువాలో ఉంది. ఈ మూడోది ఎక్కడిది? దీని తోక తిన్నగా ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు.

ఆవిడ తమ్ముడి కేసి చూసింది. మావయ్య తల అడ్డంగా ఊపాడు, ఊపీ ఊపనట్టు. ఆవిడ మూత పెట్టి, అలమర పై అరలో, పిల్లకి అందని చోట, గిన్నెల వెనక పెట్టేసింది. అటునుంచి వస్తూ తమ్ముడి తలమీద చెయ్యి వేసి, చిన్నప్పటిలాగా జుట్టు చెరిపింది.

"మావయ్యా, రా!" పిచ్చుక చాపమీద రెండు కాగితాలు పరిచి పిలిచింది. "మొదట్నించీ మొదలుపెడదాం. ఈసారి నువ్వు భయపడకూడదు, సరేనా?"

మావయ్య వెళ్ళి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాగితం తెల్లవైపు పైకి పెట్టాడు. పటం దగ్గరికి లాక్కుని, కళ్ళు చిట్లించి చూశాడు.

"ఎర్రగీత అంటే," అన్నాడు, "కొండా, లోయా?"